తాన్‌ల్విన్ ఒడ్డున మౌల్మెయిన్

బర్మా వెళ్దామని పట్టుబట్టింది మా ఆయన. వాళ్ల తాతగారు కాకినాడ రేవులో ఓడెక్కి రంగం (రంగూన్) వెళ్లి, బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసినవారు. ఇప్పుడు యాంగోన్ అంటున్న ఆ మహానగరం చూశాం గానీ, నా మనసు నిలిచింది దానికి ఆగ్నేయాన ఉన్న మౌల్మెయిన్ దగ్గర. ఇది 2019 జనవరి నాటి మాట. 2021లో సైన్యం అధికారం లాక్కున్నాక ఆ దారులు క్షేమం కావు.

టిబెట్ పీఠభూమిలో పుట్టిన తాన్‌ల్విన్ నది సముద్రాన్ని చేరబోయేది ఇక్కడే. గ్యాయింగ్, అటరాన్ నదులు కూడా ఊరి దగ్గరే వచ్చి కలుస్తాయి. అవతలి ఒడ్డున మొత్తమ అనే ఊరు. 2005లో వంతెన తెరిచేదాకా యాంగోన్ రైలు అక్కడే ఆగిపోయేది. ఊళ్లోకి రావాలంటే నది దాటాలి.

పొద్దున్నే ఒడ్డు వీధిలో మొహింగా తిన్నాం. చేపల చారులో అరటి దూట ముక్కలు ఉడికించి, బియ్యపు సేమ్యా మీద పోసిస్తారు. చెంపలకు థనకా చెక్క గంధం పూసుకున్న అమ్మాయి మా ఆయన ఖాళీ గిన్నె చూసి, అడక్కుండానే మరో గరిటె పోసింది.

ఇంత నెమ్మదైన ఊరు ఒకప్పుడు రాజధాని. 1826 యాందబో సంధితో ఈ తీరం ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. 1827 నుంచి 1852లో రంగూన్ వాళ్ల వశమయ్యేదాకా బ్రిటిష్ బర్మాను ఇక్కణ్నుంచే ఏలారు. ఎగువ అడవుల్లో కొట్టిన టేకు దుంగలు నదిలో తేలుతూ వచ్చేవి. ఆ కలపతో ఇక్కడే ఓడలు కట్టేవారు. ఇనుప ఓడలొచ్చాక ఆ పనికి గిరాకీ తగ్గింది, రాజధాని హోదా అంతకుముందే పోయింది.

సాయంత్రం చెప్పులు విడిచి, కప్పున్న మెట్లదారిలో క్యాయిక్‌తన్‌లాన్ పగోడా ఎక్కాం. పైనుంచి నదులన్నీ కనిపిస్తాయి. కొత్త సంవత్సరానికి రాజుల తలస్నానానికి నీళ్లు తీసుకెళ్లిన చిన్న ద్వీపం గౌంగ్సే క్యూన్, దాని వెనక పెద్దదైన బిలూ క్యూన్. 1889లో ఇంగ్లీషు కవి కిప్లింగ్ ఈ ఊరొచ్చి, ఇక్కడి పగోడాను తన పద్యంలోకెక్కించాడు. 1926లో రచయిత ఆర్వెల్ ఇక్కడ పోలీసు ఉద్యోగం చేశాడు. ఏనుగును కాల్చడం గురించి అతను రాసిన వ్యాసం ఈ ఊరిదే. లోకం మౌల్మెయిన్‌ను ఈ ఇద్దరి కళ్లతోనే చూస్తుంది. నాకది అన్యాయమనిపించింది. బర్మా రేవుల్లో, మిల్లుల్లో చెమటోడ్చిన తెలుగువాళ్ల గురించి ఎవరు రాశారు? మౌల్మెయిన్ ఉన్న ఈ మోన్ రాష్ట్రంలో తెలుగు కుటుంబాలు ఇంకా ఉన్నాయి.

మర్నాడు దక్షిణాన తన్‌బ్యూజయాత్ వెళ్లాం. రెండో ప్రపంచ యుద్ధంలో థాయిలాండ్ నుంచి జపాన్ వేయించిన మృత్యు రైలుమార్గం బర్మా వైపు ముగిసేది అక్కడే. సైనికుల శ్మశానంలో 3,700కు పైగా సమాధులున్నాయి. గడ్డి సమంగా కత్తిరించి, పూలమొక్కలు పెంచి ఎంతో శ్రద్ధగా చూసుకుంటున్నారు.

"మరి పట్టాలు వేసిన కూలీలవి ఎక్కడ?" అన్నాడు మా ఆయన.

ఆ శ్మశానం బందీలైన సైనికులది. మలయా రబ్బరు తోటల నుంచి తోలుకొచ్చిన తమిళులు, తెలుగువాళ్లు, బర్మా, జావా కూలీలు కలిపి దాదాపు 90,000 మంది చనిపోయారని అంచనా. కలరాతో, ఆకలితో పోయినవాళ్లలో చాలామందిని పట్టాల పక్కనే పూడ్చేశారు, పేరు రాసిపెట్టకుండానే.