యూనిట్ – 6: అరోమాథెరపీ – వృత్తి సంఘాల సభ్యత్వం, చట్టపరమైన నియంత్రణలు

విషయ క్రమం

6.0 లక్ష్యాలు
6.1 పరిచయం
6.2 లైసెన్సు, రిజిస్ట్రేషన్, సభ్యత్వం – భేదాలు
6.3 ఇతర దేశాలలో నియంత్రణ
  6.3.1 బ్రిటన్
  6.3.2 అమెరికా
6.4 భారతదేశంలో వర్తించే చట్టాలు
  6.4.1 సౌందర్య సాధనమా, ఔషధమా?
  6.4.2 తయారీ అంటే ఏమిటి?
  6.4.3 ప్రకటనలు
  6.4.4 అర్హతకు మించిన వైద్యం
6.5 వృత్తి సంఘంలో చేరడం
6.6 ప్రవర్తనా నియమావళి
6.7 సారాంశం
6.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి – నమూనా జవాబులు
6.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

6.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• లైసెన్సు, రిజిస్ట్రేషన్, సభ్యత్వం అనే మూడింటి మధ్య భేదాలను వివరించగలుగుతారు.
• బ్రిటన్, అమెరికాలలో అరోమాథెరపీపై ఉన్న నియంత్రణను పోల్చగలుగుతారు.
• మన దేశంలో అరోమాథెరపీ వృత్తికి, ఉత్పత్తులకు వర్తించే చట్టాలను గుర్తించగలుగుతారు.
• ఒక వృత్తి సంఘంలో చేరే ముందు పరిశీలించవలసిన అంశాలను తెలుపగలుగుతారు.

6.1 పరిచయం

ఎసెన్షియల్ ఆయిళ్లను మొక్కల నుంచి ఎలా సేకరిస్తారో, క్యారియర్ ఆయిల్‌లో వాటిని ఏ పాళ్లలో కలపాలో గత యూనిట్లలో తెలుసుకున్నారు. ఆ నైపుణ్యంతో వృత్తిలో ప్రవేశించే విద్యార్థికి రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఈ పని చేయడానికి ఎవరి అనుమతి కావాలి? ఏ సంఘంలో చేరితే గుర్తింపు వస్తుంది?

ఈ రెండూ ఒకటే ప్రశ్న అని చాలామంది పొరబడతారు. సంఘానికి రుసుము చెల్లించి, అది ఇచ్చిన ధ్రువపత్రాన్ని గోడకు తగిలించి, ఇక చట్టపరంగా అంతా సక్రమమే అనుకుంటారు. డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ వచ్చి సీసా మీది లేబుల్ గురించి ప్రశ్నించిన రోజున ఆ ధ్రువపత్రం అక్కరకు రాదు. ఎందుకు రాదో, మరి సంఘం వల్ల ఉపయోగం ఏమిటో ఈ యూనిట్‌లో చర్చిద్దాం.

6.2 లైసెన్సు, రిజిస్ట్రేషన్, సభ్యత్వం – భేదాలు

లైసెన్సు: చట్టం ప్రకారం ప్రభుత్వ అధికారి ఇచ్చే అనుమతి. అది లేకుండా ఆ పని చేయడం నేరం. సౌందర్య సాధనాలను అమ్మకానికి తయారుచేయడానికి ఇచ్చే అనుమతి ఇటువంటిది.

చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్: చట్టం ద్వారా ఏర్పడిన కౌన్సిల్ నిర్వహించే పట్టికలో పేరు నమోదు కావడం. అల్లోపతి, ఆయుర్వేదం, హోమియోపతి వైద్యులకు ఇది తప్పనిసరి.

సభ్యత్వం: ఒకే వృత్తిలో ఉన్నవారు స్వచ్ఛందంగా ఏర్పరచుకున్న సంఘంలో చేరడం. సంఘం తన సభ్యులకు నియమాలు పెట్టవచ్చు, తప్పు చేసిన సభ్యుణ్ణి తొలగించవచ్చు. కాని సభ్యుడు కానివారిని ఆ వృత్తి చేయకుండా ఆపలేదు. తన సభ్యులకు చట్టం నుంచి మినహాయింపు కూడా ఇవ్వలేదు.

మన దేశంలో అరోమాథెరపీకి ప్రత్యేక చట్టం గాని, చట్టబద్ధమైన కౌన్సిల్ గాని లేదు. ఆయుష్ మంత్రిత్వ శాఖ పరిధిలోని వైద్య విధానాలలో కూడా ఇది విడి విధానంగా చేరలేదు. కాబట్టి ఇక్కడ ఏ సంఘమైనా "ప్రభుత్వ లైసెన్సు పొందిన అరోమాథెరపిస్టు" అనే హోదాను ఇవ్వలేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
గమనిక: మీ జవాబును విడి కాగితంపై రాసి, యూనిట్ చివర ఇచ్చిన జవాబుతో సరిచూసుకోండి.
ప్రశ్న: వృత్తి సంఘ సభ్యత్వం లైసెన్సు ఎందుకు కాదు?

6.3 ఇతర దేశాలలో నియంత్రణ

ప్రసిద్ధ అరోమాథెరపీ సంఘాలు ఎక్కువగా బ్రిటన్, అమెరికాలలో ఉన్నాయి. మన విద్యార్థులు చేరాలనుకునేవి కూడా తరచుగా ఇవే. అందువల్ల ఆ దేశాల చట్టపరమైన స్థితిని ముందుగా పరిశీలిద్దాం.

6.3.1 బ్రిటన్

బ్రిటన్‌లో ఆస్టియోపతికి 1993లో, కైరోప్రాక్టిక్‌కు 1994లో ప్రత్యేక చట్టాలు వచ్చాయి. చట్టబద్ధమైన పట్టికలో నమోదు కానివారు అక్కడ తమను ఆస్టియోపత్ అని చెప్పుకోవడం నేరం. అరోమాథెరపిస్టు అనే పేరుకు అటువంటి రక్షణ లేదు. ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. 2000లో ప్రభువుల సభ సంఘం ప్రత్యామ్నాయ వైద్యంపై ఇచ్చిన నివేదిక అరోమాథెరపీని రెండవ వర్గంలో, అంటే మసాజ్, రిఫ్లెక్సాలజీ వంటి అనుబంధ పద్ధతులతో పాటు చేర్చింది.

ఈ లోటును స్వచ్ఛంద నియంత్రణతో పూరించే ప్రయత్నం జరిగింది. ఇంటర్నేషనల్ ఫెడరేషన్ ఆఫ్ అరోమాథెరపిస్ట్స్ 1985లో ఏర్పడింది. 2008లో కాంప్లిమెంటరీ అండ్ నేచురల్ హెల్త్‌కేర్ కౌన్సిల్ అనే స్వచ్ఛంద రిజిస్టరు సంస్థను స్థాపించారు. శిక్షణ, బీమా, నియమావళికి సంబంధించిన షరతులను తీర్చినవారి పేర్లు అందులో ఉంటాయి. ప్రజలు ఆ పట్టిక చూసి అభ్యాసకులను ఎంచుకోవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు. పేరు లేకపోతే మాత్రం నేరం కాదు.

స్వచ్ఛంద నియంత్రణ ఉన్నంత మాత్రాన సాధారణ చట్టాలు వర్తించకపోవు. క్యాన్సర్‌ను నయం చేస్తామని ప్రజలకు ప్రకటన ఇవ్వడాన్ని 1939 నాటి క్యాన్సర్ చట్టం అక్కడ నిషేధిస్తుంది. లండన్ నగరంలో మసాజ్ వంటి సేవలకు చాలాచోట్ల స్థానిక కౌన్సిల్ లైసెన్సు కూడా అవసరమవుతుంది.

6.3.2 అమెరికా

అమెరికాలో నేషనల్ అసోసియేషన్ ఫర్ హోలిస్టిక్ అరోమాథెరపీ 1990లో ఏర్పడింది. ఇది కూడా స్వచ్ఛంద సంఘమే. అరోమాథెరపీకి జాతీయ స్థాయి లైసెన్సు అక్కడా లేదు. అయితే చాలా రాష్ట్రాలలో మసాజ్ చేయడానికి లైసెన్సు కావాలి. అరోమాథెరపీ నేర్చుకున్నంత మాత్రాన ఆ అనుమతి రాదు.

ఉత్పత్తుల విషయంలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పాటించే సూత్రాన్ని గుర్తుంచుకోండి. సీసాలో ఏముంది అన్న దానితో పాటు, దానిని ఏ ఉద్దేశంతో అమ్ముతున్నారు అన్నది ముఖ్యం. పరిమళం కోసం అమ్మితే ఒక విధంగా, నొప్పి తగ్గిస్తుందని లేదా నిద్ర పట్టిస్తుందని చెప్పి అమ్మితే ఔషధంగా పరిగణిస్తారు. 2014 సెప్టెంబరులో, ఎసెన్షియల్ ఆయిళ్లు ఎబోలా వ్యాధికి పనిచేస్తాయని ప్రచారం చేసిన అమ్మకందారుల విషయంలో ఆ సంస్థ కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. నూనె మారలేదు. దాని గురించి చెప్పిన మాట వల్ల అది అనుమతి లేని ఔషధమైంది.

6.4 భారతదేశంలో వర్తించే చట్టాలు

వృత్తికి ప్రత్యేక చట్టం లేదు కాబట్టి ఏం చేసినా చెల్లుతుందని భావించరాదు. మీరు అమ్మే వస్తువుకు, మీరు చెప్పే మాటకు, మీరు ఇచ్చే సలహాకు వేర్వేరు చట్టాలు వర్తిస్తాయి.

6.4.1 సౌందర్య సాధనమా, ఔషధమా?

1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం ఈ రెండింటినీ నిర్వచించింది. శరీరాన్ని శుభ్రపరచడానికి, అందాన్ని పెంచడానికి, రూపాన్ని మార్చడానికి ఒంటికి పూసేది, చల్లేది సౌందర్య సాధనం. వ్యాధిని గుర్తించడానికి, నయం చేయడానికి, ఉపశమింపజేయడానికి, నివారించడానికి ఉద్దేశించినది ఔషధం. ఇక్కడ కూడా "ఉద్దేశం" అనే మాటే కీలకం.

ఒక విద్యార్థిని నిమ్మగడ్డి నూనెను కొబ్బరినూనెలో కలిపి సీసాలలో అమ్మాలనుకుంటున్నదని ఊహించండి. లేబుల్ మీద ఆమె రాసే వాక్యాన్ని బట్టి ఫలితం ఇలా మారుతుంది:

(అ) "గదికి పరిమళం": ఒంటికి పూసే ఉద్దేశం లేదు కనుక ఇది సౌందర్య సాధనం కాదు, ఔషధమూ కాదు. అయినా ప్యాకెట్ సరుకుల తూనికలు కొలతల నిబంధనలు (2011) వర్తిస్తాయి. తయారీదారు చిరునామా, నికర పరిమాణం, గరిష్ఠ చిల్లర ధర వంటి వివరాలు ముద్రించాలి.
(ఆ) "చర్మాన్ని మృదువుగా ఉంచుతుంది": సౌందర్య సాధనం. 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల కింద తయారీ లైసెన్సు ఉండాలి.
(ఇ) "తామరను తగ్గిస్తుంది": ఔషధం. ఔషధ తయారీ లైసెన్సు లేకుండా అమ్మరాదు. ఆయుర్వేద ఔషధంగా అమ్మాలన్నా దానికి విడిగా లైసెన్సు కావాలి.
(ఈ) "మధుమేహాన్ని నయం చేస్తుంది": ఇటువంటి ప్రకటననే చట్టం నిషేధించింది (6.4.3 చూడండి).

నాలుగు సీసాలలో ఉన్నది ఒకే నూనె అని గమనించండి.

6.4.2 తయారీ అంటే ఏమిటి?

తయారీ అనగానే యంత్రాలతో నడిచే ఫ్యాక్టరీ మనసులో మెదులుతుంది. చట్టం ఇచ్చిన అర్థం అంతకంటె విస్తృతమైనది. అమ్మకం కోసం చేసే మార్పు, ప్యాకింగ్, లేబుల్ అంటించడం కూడా తయారీలో భాగమే. చిల్లర దుకాణదారు తన రోజువారీ వ్యాపారంలో సరుకును పొట్లం కట్టి ఇవ్వడం మాత్రం ఇందులోకి రాదు. ఒక లీటరు డబ్బా నూనె కొని, ఇంట్లో కలిపి, చిన్న సీసాలలో నింపి, సొంత పేరుతో లేబుల్ వేసి ఒంటికి పూసుకునేందుకు అమ్మడం తయారీ కిందికే వస్తుంది. ఇంటి వంటగదిలో చేశామన్న కారణంగా మినహాయింపు లేదు. లైసెన్సు వివరాల కోసం మీ రాష్ట్ర ఔషధ నియంత్రణ పరిపాలన కార్యాలయాన్ని సంప్రదించాలి. లైసెన్సు ఉన్న తయారీదారు నుంచి సౌందర్య సాధనాలను కొని, వాటిని అదే ప్యాకింగ్‌లో అమ్మడం మొదటి దశలో సులభమైన మార్గం.

6.4.3 ప్రకటనలు

1954 నాటి ఔషధాలు, మాంత్రిక నివారణల (అభ్యంతరకర ప్రకటనల) చట్టానికి ఒక వ్యాధుల జాబితా ఉంది. క్యాన్సర్, మధుమేహం, మూర్ఛ, పక్షవాతం, రక్తపోటు, ఊబకాయం వంటివి అందులో ఉన్నాయి. వీటిని నయం చేస్తుందని, నివారిస్తుందని సూచిస్తూ ఏ ఔషధానికీ ప్రకటన ఇవ్వరాదు. కరపత్రం, గోడ మీది రాత, లేబుల్ అన్నీ ప్రకటన కిందికే వస్తాయి.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలకు వర్తిస్తుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ అదే తప్పు చేస్తే 50 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు.

6.4.4 అర్హతకు మించిన వైద్యం

1996లో పూనం వర్మ కేసులో సుప్రీం కోర్టు ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. హోమియోపతిలో అర్హత ఉన్న వ్యక్తి జ్వరంతో వచ్చిన రోగికి అల్లోపతి మందులు ఇచ్చాడు. రోగి మరణించాడు. తనకు అర్హత లేని విధానంలో వైద్యం చేయడమే నిర్లక్ష్యమని కోర్టు నిర్ణయించింది. రిజిస్టరు అయిన హోమియో వైద్యుడి విషయంలోనే ఇలా ఉంటే, ఏ వైద్య పట్టికలోనూ పేరు లేని అరోమాథెరపిస్టు వ్యాధిని నిర్ధారించడం, మందు మార్చమని చెప్పడం ఎంత ప్రమాదకరమో అర్థం చేసుకోవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
ప్రశ్న: ఒకే నూనె ఒక లేబుల్‌తో సౌందర్య సాధనంగా, మరొక లేబుల్‌తో ఔషధంగా ఎలా మారుతుంది?

6.5 వృత్తి సంఘంలో చేరడం

సంఘం లైసెన్సు ఇవ్వలేకపోతే చేరడం దేనికి అన్న సందేహం కలగవచ్చు. చట్టబద్ధమైన కౌన్సిల్ లేని వృత్తిలో శిక్షణకు ప్రమాణాలు, నియమావళి, ఫిర్యాదుల విచారణ వంటివాటిని అందించగలిగేది మంచి సంఘమే. కొత్త భద్రతా సమాచారం, తోటివారి అనుభవం కూడా దాని ద్వారా అందుతాయి. సంఘాలలో సాధారణంగా విద్యార్థి సభ్యత్వం, పూర్తిస్థాయి వృత్తి సభ్యత్వం, సంస్థల సభ్యత్వం వంటి తరగతులు ఉంటాయి.

రుసుము చెల్లించే ముందు ఈ అంశాలను రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి:

1. మీ కోర్సును సంఘం గుర్తిస్తుందా? చాలా సంఘాలు పర్యవేక్షణలో చేసిన ప్రయోగ శిక్షణను, కేసు నివేదికలను అడుగుతాయి. దూరవిద్యలో కేవలం పాఠాలు చదివి పరీక్ష రాసినది సరిపోకపోవచ్చు. సంఘంలో చేరాలనుకునే విద్యార్థులు సంపర్క తరగతులలో చేసిన పని రికార్డును భద్రపరచుకోవాలి.
2. సభ్యత్వానికి పరీక్ష గాని, అర్హతల పరిశీలన గాని ఉందా? డబ్బు కట్టిన ప్రతివారికీ ధ్రువపత్రం ఇచ్చే సంఘం ప్రజలకు ఏ హామీ ఇవ్వలేదు.
3. ప్రవర్తనా నియమావళి, ఫిర్యాదుల విధానం అందరికీ అందుబాటులో ఉన్నాయా?
4. సంఘం ద్వారా లభించే వృత్తిపరమైన బాధ్యతా బీమా భారతదేశంలో చేసే పనికి వర్తిస్తుందా? విదేశీ సంఘాల విషయంలో ఇది తప్పక అడగాలి.
5. ఏటా చెల్లించే మొత్తం ఎంత? పునరుద్ధరణకు అదనపు శిక్షణ అవసరమా?

"ప్రభుత్వ రిజిస్టర్డ్" అనే మాట విషయంలో జాగ్రత్త వహించాలి. తెలుగు రాష్ట్రాలలో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కొందరు కలిసి ఒక సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. ఆ నంబరు సంఘం ఉనికిలో ఉందని మాత్రమే తెలుపుతుంది. అది ఇచ్చే ధ్రువపత్రాలకు ప్రభుత్వ గుర్తింపు ఉందని దాని అర్థం కాదు. ఐ.ఎస్.ఓ. ధ్రువీకరణ కూడా నిర్వహణ పద్ధతికి సంబంధించినదే. 1956 నాటి యు.జి.సి. చట్టం ప్రకారం డిగ్రీలు ఇచ్చే అధికారం విశ్వవిద్యాలయాలకు, చట్టం ద్వారా ఆ అధికారం పొందిన సంస్థలకు మాత్రమే ఉంది. ఏ సంఘమైనా "డాక్టరు" అనే బిరుదు ఇస్తామంటే దూరంగా ఉండండి.

6.6 ప్రవర్తనా నియమావళి

సంఘంలో చేరినా, చేరకపోయినా ప్రతి అభ్యాసకుడు పాటించవలసిన నియమాలు ఇవి:

• నూనె పేరు, చేయబోయే పద్ధతి, ఉండగల ఇబ్బందులు ముందే చెప్పి సమ్మతి తీసుకోవాలి.
• గర్భం, మూర్ఛ, ఉబ్బసం, అలర్జీలు, వాడుతున్న మందుల వివరాలు అడిగి రికార్డు చేయాలి. ఆ వివరాలను ఇతరులకు చెప్పరాదు.
• మసాజ్‌కు పెద్దవారిలో సాధారణంగా 2 శాతం మిశ్రమం వాడతారు. అంటే 10 మిల్లీలీటర్ల క్యారియర్ ఆయిల్‌కు సుమారు 4 చుక్కలు.
• నూనెలను తాగమని సలహా ఇవ్వరాదు. నీలగిరి తైలం కొద్దిగా మింగినా పిల్లలకు మూర్ఛ రావచ్చు. కర్పూరం, నీలగిరి తైలాలను పసిపిల్లల ముక్కు దగ్గర పూయరాదు. జలుబు చేస్తే ఇంట్లో పెద్దలు ఇలాగే చేస్తారని తల్లులు చెప్పినప్పుడు ఈ విషయం ఓపికగా వివరించాలి.
• వైద్యుడు ఇచ్చిన మందు మానమని ఎన్నడూ చెప్పరాదు. ఛాతీ నొప్పి, తగ్గని జ్వరం, రొమ్ములో గడ్డ వంటి లక్షణాలు చెబితే వెంటనే ఆసుపత్రికి పంపాలి.

చివరి నియమం అన్నిటికంటె ముఖ్యమైనది. పరిమళం వల్ల మనసు తేలికపడిన వ్యక్తి వ్యాధి కూడా తగ్గుతున్నదని భావించి చికిత్సను ఆలస్యం చేయవచ్చు. లేబుల్ తప్పును దిద్దుకోవచ్చు. చేజారిన సమయాన్ని తిరిగి ఇవ్వలేం.

6.7 సారాంశం

అరోమాథెరపిస్టుకు మన దేశంలో ప్రత్యేక లైసెన్సు గాని, చట్టబద్ధమైన పట్టిక గాని లేదు. బ్రిటన్, అమెరికాలలో కూడా వృత్తి సంఘాలు స్వచ్ఛందమైనవే. సభ్యత్వం శిక్షణకు, నడవడికకు సాక్ష్యంగా నిలుస్తుంది, కాని అనుమతి కాదు. చట్టం ఉత్పత్తి ఉద్దేశాన్ని, తయారీని, ప్రకటనను, సలహాను నియంత్రిస్తుంది. సంఘాన్ని ఎంచుకునేటప్పుడు కోర్సు గుర్తింపు, అర్హతల పరిశీలన, నియమావళి, బీమా, రుసుము పరిశీలించాలి.

6.8 మీ ప్రగతిని పరీక్షించుకోండి – నమూనా జవాబులు

1. లైసెన్సును చట్టం ప్రకారం ప్రభుత్వ అధికారి ఇస్తారు, అది లేకుండా పని చేయడం నేరం. సభ్యత్వాన్ని స్వచ్ఛంద సంఘం ఇస్తుంది. అది సభ్యులకు మాత్రమే నియమాలు పెట్టగలదు, చట్టం నుంచి మినహాయింపు ఇవ్వలేదు.
2. చట్టం వస్తువును దాని ఉద్దేశాన్ని బట్టి వర్గీకరిస్తుంది. అందం, శుభ్రత కోసమని రాస్తే సౌందర్య సాధనం. వ్యాధిని తగ్గిస్తుందని రాస్తే ఔషధం.

6.9 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అరోమాథెరపీ ఉత్పత్తులకు భారతదేశంలో వర్తించే చట్టాలను ఉదాహరణలతో వివరించండి.
2. వృత్తి సంఘంలో చేరే ముందు పరిశీలించవలసిన అంశాలను చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బ్రిటన్‌లో అరోమాథెరపీపై ఉన్న స్వచ్ఛంద నియంత్రణ.
2. పూనం వర్మ కేసు తీర్పు ప్రాధాన్యం.

III. అభ్యాసం: మీ దగ్గరి దుకాణంలో దొరికే మూడు సుగంధ తైలాల లేబుళ్లను చదవండి. వాటిపై ఉన్న వాక్యాలను సౌందర్య సంబంధమైనవి, ఔషధ సంబంధమైనవి, నిషిద్ధమైనవి అని వర్గీకరించి, తరువాతి సంపర్క తరగతిలో చర్చించండి.