మీకు తెలుసా? నగరాలకు మార్కులు ఇలా పడతాయి!

‘నివాసానికి అనువైన నగరాలు’ అంటూ ఏటా ఏదో ఒక జాబితా వస్తుంది. అందులో మన ఊరెక్కడుందా అని వెతుక్కుంటాం. ఆ మార్కులు ఎవరు, ఎవరికోసం వేశారో కూడా తెలుసుకుంటే ర్యాంకు అసలు విలువ తెలుస్తుంది.

● భత్యం కోసం పుట్టిన లెక్క: మెర్సర్ సంస్థ జాబితా స్థానికుల కోసం తయారైంది కాదు. ఉద్యోగుల్ని విదేశాలకు పంపే కంపెనీలు వాళ్లకు అదనంగా ఎంత ముట్టజెప్పాలో తేల్చుకోవడానికి పనికొచ్చేది. న్యూయార్క్‌కు 100 మార్కులిచ్చి, మిగతా నగరాల్ని దానితో పోలుస్తారు. ఎకనమిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ సూచీదీ ఇదే దారి. 80 దాటిన నగరానికి వెళ్లేవారికి భత్యం అక్కర్లేదు, 50 లేదా అంతకన్నా తక్కువైతే జీతంలో 20 శాతం ఇవ్వమంటుంది.

● అద్దె ఊసే లేదు: ఈ రెండో సూచీలో భద్రత, స్థిరత్వానికి 25 శాతం, సంస్కృతి-పర్యావరణానికి 25, వైద్యానికి 20, మౌలిక వసతులకు 20, చదువుకు 10 శాతం ప్రాధాన్యం. మంచి ఇళ్లు దొరుకుతాయా అని చూస్తారు కానీ, వాటి అద్దె ఎంతో చూడరు. ఒకటో తారీఖు వస్తే గుండె గుభేలుమనే మధ్యతరగతి వాళ్లకు ముందు కావాల్సిన లెక్క అదే!

● ఒకే ఏడాది, రెండు ఫలితాలు: 2018లో మెర్సర్ లెక్కన భారతీయ నగరాల్లో హైదరాబాద్, పుణెలదే అగ్రస్థానం. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం 111 నగరాలతో ఇచ్చిన తొలి ‘ఈజ్ ఆఫ్ లివింగ్’ సూచీలో పుణె మొదటిదే, హైదరాబాద్ మాత్రం 27వది! తిరుపతి 4, విజయవాడ 9వ స్థానాల్లో నిలిచాయి. ఊళ్లు అవే, కొలబద్దలు వేరు.

● జనం మాటకు 30 శాతం: ఆ తర్వాత 2020 సూచీలో కేంద్రం పద్ధతి మార్చింది. నగరవాసుల అభిప్రాయ సర్వేకు 30 శాతం ప్రాధాన్యమిచ్చింది. పది లక్షల జనాభా దాటిన నగరాల్లో బెంగళూరు, అంతకన్నా చిన్నవాటిలో సిమ్లా ముందు నిలిచాయి. చిన్న నగరాల్లో మన కాకినాడది 4వ స్థానం.

● గాలికి రెండు పాస్ మార్కులు: గాలిలోని సూక్ష్మ ధూళి (పీఎం 2.5) ఏడాది సగటు ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు మించకూడదన్నది మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 5. సగటు 35 ఉన్న నగరం ఇక్కడ పాసవుతుంది, ఆ సంస్థ లెక్కలో మాత్రం హద్దుకు ఏడు రెట్లు ఉన్నట్టు.

● చేపలు చెప్పే తీర్పు: అమెరికాలోని సియాటెల్‌లో పౌరులే కలిసి 1990లలో తమ ఊరికి కొలమానాలు ఎంచుకున్నారు. అందులో ఒకటి, వాగుల్లోకి తిరిగొచ్చే సాల్మన్ చేపల సంఖ్య. వాగులో పుట్టి సముద్రానికి పోయే ఈ చేప గుడ్లు పెట్టడానికి మళ్లీ వాగుకే వస్తుంది. నీళ్లు వేడెక్కినా, మట్టి మేట వేసినా, దారి మూసుకుపోయినా దాని సంతతి తగ్గిపోతుంది. అడవి నరికివేత నుంచి మురుగు దాకా అన్ని తప్పుల పద్దూ ఆ ఒక్క అంకెలో పడుతుంది.

● మీరే వేయగల మార్కులు: ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 11వది నగరాల గురించే. దాని లెక్కలో బస్టాపు 500 మీటర్లలో, రైలు లేదా మెట్రో స్టేషన్ కిలోమీటరులో ఉంటేనే ప్రజా రవాణా అందుబాటులో ఉన్నట్టు. పట్టణ వనాల నిపుణుడు సెసిల్ కోనైనెండైక్ చెప్పిన సూత్రం ఇంకా సులువు: ఇంట్లోంచి కనబడే 3 చెట్లు, పేటలో 30 శాతం చెట్ల నీడ, 300 మీటర్లలోపు పార్కు. వీటిలో చాలావాటికి ఏ సంస్థ నివేదికా అక్కర్లేదు, సాయంత్రం ఓ నడక చాలు. లెక్క తేలాక మీ కార్పొరేటర్‌ను అడగడానికి ప్రశ్నలూ సిద్ధంగా ఉంటాయి.