రాతిలో దాగిన సముద్రం

మన హాస్టల్ గదుల్లో పరచిన షాబాదు బండల మీదనే మనం కూర్చుని చదువుతాం, చాప వేసుకుని పడుకుంటాం. ఒకరోజు ఏడో తరగతి తమ్ముడొకడు తన పెట్టె పక్కనున్న బండను చూపించి, "అన్నా, ఇందులో చెట్టుకొమ్మ ఉంది. ఇది శిలాజమే గదా?" అని అడిగాడు. నల్లగా, సన్నగా, కొమ్మలు రెమ్మలుగా చీలిన గీతలవి. చూసినవాళ్లెవరైనా చెట్టనే అనుకుంటారు. కానీ అది చెట్టు కాదు. రాతి పొరల సందుల్లోకి నీరు ఇంకినప్పుడు అందులోని మాంగనీసు, ఇనుము అలా కొమ్మల ఆకారంలో పేరుకుంటాయి. "మరి నిజమైన శిలాజాన్ని ఎట్ల గుర్తుపడతరు?" అన్నాడు వాడు. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

అమరచింత చుట్టూ మనకు కనిపించే గుండ్లు, గుట్టలు చాలావరకు గ్రానైటు జాతి రాళ్లు. భూమి లోపల కరిగిన రాయి చల్లారి గడ్డకట్టగా ఏర్పడినవి. అలాంటి రాళ్లలో శిలాజాలు దొరకవు. షాబాదు, తాండూరు బండల సంగతి వేరు. అవి సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి అయిన రాళ్లు. అంటే సముద్రానికి ఇంత దూరంలో ఉండి కూడా మనం రోజూ సముద్రపు అడుగు మీదనే నడుస్తున్నామన్నమాట! అయితే ఆ సముద్రం 50 కోట్ల ఏళ్ల కంటే పాతది. చేపలు కూడా పుట్టకముందటిది. ఆ రాళ్లున్న ప్రాంతంలోని మెత్తటి పొరల్లో సూక్ష్మజీవుల ఆనవాళ్లు మాత్రం దొరికాయి. కంటికి సరిగా ఆనని ఇలాంటి వాటినే సూక్ష్మ శిలాజాలు అంటారు.

తెలుగు నేల మీద సముద్రపు సూక్ష్మ శిలాజాలకు పేరుపొందిన చోటు రాజమండ్రి ప్రాంతం. గోదావరికి ఒక గట్టున కాతేరు, మరో గట్టున గౌరీపట్నం, దుద్దుకూరు పరిసరాల్లో నల్లరాయి క్వారీలున్నాయి. అక్కడ కింద లావా పొర, పైన మరో లావా పొర. వాటి నడుమ కొన్ని మీటర్ల మందాన సున్నపురాయి, బంకమట్టి పొరలు. ఈ లావా పడమటి కనుమల వైపు నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి వచ్చిందని శాస్త్రవేత్తల అంచనా. నడుమ పొరల్లో ఫోరామినిఫెరా అనే జీవుల గుల్లలు దొరుకుతాయి. ఇవి ఒకే కణం గల జీవులు. చాలావాటికి సున్నపు గుల్ల ఉంటుంది. నేటికీ సముద్రాల్లో బతుకుతున్నాయి.

వీటిని బయటికి తీయడానికి కావలసింది ఓపిక. మెత్తటి రాతిని చిన్న ముక్కలు చేసి నీళ్లలో నానబెడతారు. ఆ బురదను సన్నని జల్లెడలో కడుగుతారు. సాధారణంగా వాడే జల్లెడ కన్ను 63 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో సుమారు పదహారో వంతు. మిగిలిన నలుసులను ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద తడి కుంచె కొనతో ఒక్కొక్క గుల్లనూ ఏరుతారు. రాయి గట్టిదైతే, వెలుతురు దూరేంత పలుచగా అరగదీసి చూస్తారు.

తర్వాత గుర్తింపు. గుల్లలో గదులెన్ని? అవి చుట్ట చుట్టుకున్నాయా, వరుసగా ఉన్నాయా? నోరు ఎక్కడుంది? పైభాగం నునుపా, గరుకా? ఈ లక్షణాలను ఇదివరకే వర్ణించిన జాతులతో పోల్చి పేరు నిర్ణయిస్తారు. ఒక్కో జాతి ఒక్కో కాలంలో పుట్టి, అంతరించింది. కాబట్టి ఏయే జాతులు కలిసి ఉన్నాయో తెలిస్తే ఆ పొర వయసు తెలుస్తుంది.

2008లో గెర్టా కెల్లర్, సునీల్ బాజ్‌పాయ్ తదితరులు రాజమండ్రి పొరలపై ఒక పరిశోధన ప్రచురించారు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట రాక్షసబల్లులు అంతరించిన వెంటనే సముద్రంలో కొత్తగా పుట్టిన ఫోరామినిఫెరా జాతులు, కింది లావాకు సరిగ్గా పైనున్న పొరలో కనిపించాయని చూపారు. అంటే కింది లావా ఆ మహావినాశనం దగ్గరలోనే ఆగిపోయిందని వారి వాదన. వినాశనానికి కారణం అగ్నిపర్వతాలా, ఆకాశం నుంచి పడిన గ్రహశకలమా అన్న చర్చలో ఇసుకరేణువంత గుల్ల సాక్ష్యం చెప్పింది!

అయితే ఆ గుల్ల ఏ పొరలోదో తెలియకపోతే సాక్ష్యం చెల్లదు. 1989లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ టాలెంట్ 'నేచర్' పత్రికలో ఒక సంగతి బయటపెట్టాడు. హిమాలయాల్లో దొరికాయని మన దేశపు ఆచార్యుడొకరు ఏళ్ల తరబడి ప్రకటించిన శిలాజాల్లో చాలావాటికి అక్కడివన్న ఆధారం లేదనీ, కొన్ని కానోడాంటులు న్యూయార్క్ రాష్ట్రంలో దొరికేవాటిని అచ్చుగుద్దినట్టున్నాయనీ చూపాడు. కానోడాంటులంటే పురాతన సముద్ర జీవుల పళ్లలాంటి సూక్ష్మ శిలాజాలు. కొండలు ఎక్కడం కష్టం కాబట్టి చాలాకాలం ఎవరూ సరిచూడలేదు. దాంతో హిమాలయాల మీద రాసిన ఎన్నో వ్యాసాలు నమ్మకం కోల్పోయాయి.

కాబట్టి మిత్రులారా! మీకు వింత రాయి కనిపిస్తే తొందరపడి పేరు పెట్టకండి. ఏ ఊరు, ఏ చోటు, ఏ పొర, ఏ తేదీ అన్నవి ముందు రాసుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఆ తర్వాత సైన్సు సారుకు చూపించండి. డిగ్రీలో భూగర్భశాస్త్రం చదవాలనుకునేవారికి ఉస్మానియా, ఆంధ్ర విశ్వవిద్యాలయాల్లో పై చదువులున్నాయి. చమురు అన్వేషణలో కూడా సూక్ష్మ శిలాజాలు తెలిసినవారి అవసరం ఉంటుంది.

ఇదంతా విన్న మా తమ్ముడు నోటుబుక్కు తీసి రాసుకున్నాడు: "చెట్టు కాదు. మాంగనీసు గీత. మూడో గది, కిటికీ కింది బండ." వాడి మొదటి శాస్త్రీయ పరిశీలన అదే.