చిన్నపిల్లల చదువు: అక్షరముల యాటలు



మా చిన్నమ్మాయి అయిదేండ్ల ప్రాయమున ఒకటవ తరగతి వాచకమంతయు తడుముకొనక అప్పగించెడిది. ఇరుగుపొరుగు అమ్మలక్కలు వచ్చినప్పుడు మేము దానిచేత చదివించి మురిసిపోవుచుంటిమి. ఒకనాడు బడిపంతులైన మా వారు వాచకములోని బొమ్మను అరచేతితో మూసి, "అమ్మా, ఈ మాట చదువుము" అనిరి. అచ్చట "పలక" అని యున్నది. బొమ్మ కనబడకపోవుటచే పిల్ల నోరు మెదపలేదు. కన్నుల నీరు పెట్టుకొనెను. "ఇంత మొద్దువేమే!" యను మాట మా నాలుక చివఱకు వచ్చినది. "తప్పు పిల్లది కాదు. నీవు దాని నోటికి నేర్పితివి గాని కంటికి నేర్పలేదు" అని వారనిరి. ఆ మాట మాకు సూదివలె గ్రుచ్చుకొన్నది.

కంఠస్థము చేయుట చెడ్డదని మా యభిప్రాయము కాదు. బాల్యమున మేము ఇంట అమరమును, శతకపద్యములను వల్లెవేసియే నేర్చుకొంటిమి. నేటికిని అవి అక్కఱకు వచ్చుచున్నవి. కాని వల్లెవేయుట వేఱు, చదువుట వేఱు. గుఱుతును చూచి ధ్వనిని పలికి, ఆ ధ్వనులను కూర్చి మాటగా గ్రహించుటయే చదువుట. ఇందు మన భాష మనకు చేసిన మేలొకటి కలదు. ఇంగ్లీషున "సీ" అను పేరుగల అక్షరము "క్యాట్" అను మాటలో "క" వలె పలుకును. మన "క"కు పేరును పలుకును ఒక్కటే.

నాటినుండి మేము ఇంటను, పిదప మా వారి బడిలోని చిన్నతరగతిలోను కొన్ని యాటల నాడించితిమి.

మొదటిది చప్పట్లాట. ఇందు వ్రాతతో పనిలేదు. "తామర" యనిన మూడు చప్పట్లు: తా, మ, ర. "బీరకాయ"కు నాలుగు. మాట ముక్కలుగా విడివడునని ముందు చెవికి తెలియవలెను.

రెండవది వంటింటి యాట. "ప"తో మొదలగు వస్తువులను తెమ్మనినచో పిల్లలు పప్పును, పసుపును వెదకి తెత్తురు.

మూడవది తొక్కుడుబిళ్ళ. బడి ముంగిట సుద్దతో గళ్ళు గీసి, గడికొక యక్షరము వ్రాసి, మేమొక మాట చెప్పుదుము. పిల్లలు ఆ గళ్ళలోనికి వరుసగా గెంతుచు పలుకవలెను. ఒక్కచోట కూర్చుండలేని అల్లరిపిల్లలే ఇందు ముందుందురు.

నాలుగవది గుణింతపుటాట. అట్టముక్కలపై అక్షరములను, వేఱు ముక్కలపై గుడి, కొమ్ము, దీర్ఘము మొదలగువానిని వ్రాసి యుంచవలెను. "పలక"లో మొదటి తలకట్టు తీసి గుడి పెట్టిన "పిలక" యగును. "గది"కి దీర్ఘమిచ్చిన "గాది" యగును. పలక పిలకయైననాడు మా పిల్ల పకపక నవ్వినది.

వత్తుల విషయమున తొందర కూడదు. అక్క, అమ్మ, అత్త వంటి మాటలతో ఆరంభింపవలెను. "భక్తి" వంటివి కడపటివి. అందు గుడి "క"పై కనబడును, ఇకారము "త" తరువాత వినబడును. ఇచ్చట పిల్లలు తడబడినచో అది మొద్దుతనము కాదు, వ్రాతలోని చిక్కు.

ఇటలీదేశపు వైద్యురాలు మరియా మాంటిస్సోరీగారు 1907లో రోమునగరమున శిశుగృహమును స్థాపించిరి. గరుకు కాగితముతో చేసిన అక్షరములను పిల్లలు వ్రేళ్ళతో తడిమి ధ్వనిని పలుకుట వారి పద్ధతి. వారు 1939లో మదరాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చిరి. పూర్వము మన వీథిబడులలో ఇసుకపై వ్రేలితో దిద్దించుటయు దీనికి దగ్గఱదే. వ్రేలును, నోరును, కన్నును కలసి పనిచేసినచోట అక్షరము నిలుచును. అక్షరమనగా నశింపనిది గదా!

కొన్ని నెలలు గడచినవి. ఒకనాడు వంటింట మేము పోపుసామాను వెదకుచుండగా మా పిల్ల ఒక డబ్బాపై అంటించిన చీటీని చూచి, "మెం... తు... లు" అని కూడబలుకుకొని, "అమ్మా, మెంతులు!" అని అందిచ్చినది. దానిపై బొమ్మ లేదు. ఆ మాట దానికెవరును వల్లెవేయించలేదు. ఆనాడు కన్నుల నీరు నిండినది మాకు.

కూర తరుగుకొనునప్పటి పావుగంట ఈ యాటలకు చాలును. పిల్లను మొద్దని పిలుచుటకు ముందు, సోదరీమణులారా, ఒకమాఱు బొమ్మను మూసి చూడుడు; తప్పెచ్చట నున్నదో తెలియును.