ఇంజను చప్పుడును పెడచెవిన పెట్టరాదు
చప్పుడు ఎక్కడిదో తేలనిదే ఇంజను విప్పించవద్దు

జహీరాబాద్: బొంబాయి రోడ్డుగా అందరూ పిలుచుకునే 65వ నెంబరు జాతీయ రహదారి జహీరాబాద్ మీదుగా పోతుంది. ఈ రోడ్డునే నమ్ముకుని కారు అద్దెకు తిప్పుతూ బతికే కుటుంబాలు పట్టణంలోను, చుట్టుపక్కల కోహీర్, ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాలలోను ఉన్నాయి. ఫైనాన్సు మీద కారు తీసుకున్నవారికి ఇంజనులో కొత్త చప్పుడు వినబడితే గుండెల్లో రాయి పడ్డట్టే. బండి వారం రోజులు షెడ్డులో నిలబడితే కిరాయిలు పోతాయి గాని కిస్తీ ఆగదు.

ఇటువంటప్పుడు జరిగే పొరపాట్లు రెండు రకాలు. కొందరు "నడిచినన్నాళ్లు నడవనీ" అని చప్పుడును వదిలేస్తారు. మరికొందరు కంగారుపడి, ఏ భాగం చెడిందో తేలకముందే ఇంజను మొత్తం విప్పిస్తారు. మొదటిదానివల్ల ఇంజను పోతుంది, రెండవదానివల్ల డబ్బు పోతుంది. టైమింగ్ చైను గరగర, బేరింగు దెబ్బ, పెట్రోలు నాకింగు అనేవి మూడు వేరువేరు జబ్బులు. వీటిని వేరుచేసి గుర్తించడానికి ఇంజను విప్పనక్కరలేదు.

చైను చేసే పని

పిస్టన్ల బలంతో క్రాంకు షాఫ్టు తిరుగుతుంది. వాల్వులను తెరిచి మూసేది క్యాము షాఫ్టు. క్రాంకు రెండు చుట్లు తిరిగేసరికి క్యాము సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఈ రెంటినీ లెక్క తప్పకుండా కలిపి ఉంచేదే టైమింగ్ చైను. చైను వదులు కాకుండా టెన్షనరు బిగించి పట్టుకుంటుంది. నేటి కార్లలో చాలావాటికి ఈ టెన్షనరు ఇంజను ఆయిలు ఒత్తిడితోనే పనిచేస్తుంది. ఆయిలు తగ్గినా, చెడినా ముందుగా నీరసపడేది ఇదే.

పాత అంబాసిడర్ ఇంజనులోనూ చైనే ఉండేది. 1983 చివర వచ్చిన మారుతి 800లో దాని స్థానంలో రబ్బరు బెల్టు వచ్చింది. బెల్టును ఇన్ని వేల కిలోమీటర్లకు మార్చాలని గడువు ఉంటుంది. తరువాత స్విఫ్ట్ డీజిల్ వంటి బండ్లలో మళ్లీ చైను వచ్చింది. చైనుకు అటువంటి గడువు సాధారణంగా చెప్పరు కనుక, అది ఇంజను ఉన్నంతకాలం ఉంటుందని చాలామంది నమ్ముతున్నారు. ఆయిలు వేళకు మార్చినప్పుడే ఈ మాట నిజం. మురికి ఆయిలులో చైను పిన్నులు అరుగుతాయి, ఒక్కొక్క లింకులో వెంట్రుకవాసి అరుగుదల చేరి మొత్తం చైను పొడవు పెరుగుతుంది. దీనినే మెకానిక్కులు చైను సాగిందంటారు. ఇక్కడ తయారయ్యే ట్రాక్టర్ల సంగతి వేరు. ట్రాక్టరు ఇంజన్లలో సాధారణంగా చైను బదులు పళ్ల చక్రాలే ఉంటాయి కనుక ట్రాక్టరుకు చెప్పే వైద్యం కారుకు పనికిరాదు.

చలి పొద్దున గరగర

చలికాలంలో రాష్ట్రంలోనే తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో మన కోహీర్ ఒకటి. రాత్రంతా నిలిపిన బండిలో ఆయిలు కిందికి దిగిపోతుంది, చలికి చిక్కబడుతుంది. తెల్లవారి స్టార్టు చేయగానే రెండు మూడు సెకండ్లపాటు, గొలుసును రేకు మీద లాగినట్లు గరగర వినబడి ఆగిపోతే టెన్షనరుకు ఆయిలు ఆలస్యంగా అందుతున్నదని అనుమానించాలి. నాసిరకం ఆయిలు ఫిల్టరు వల్ల కూడా ఇలా జరుగుతుంది. మంచి ఫిల్టరులో ఆయిలు వెనక్కు జారకుండా ఆపే రబ్బరు కవాటం ఉంటుంది. ఇంజను వేడెక్కిన తరువాత కూడా గరగర ఆగకపోతే చైను సాగిందనో, దాని గైడు విరిగిందనో భావించాలి. చాలా బండ్లలో ఈ చప్పుడు ఫ్యాను బెల్టు, పుల్లీలు ఉన్న పక్కనుంచి వస్తుంది.

దెబ్బ వేరు, నాకింగు వేరు

కనెక్టింగ్ రాడ్డు బేరింగు అరిగితే వచ్చేది గరగర కాదు. లోపల సుత్తితో కొట్టినట్లు "డక్ డక్" మని బరువైన దెబ్బ వినబడుతుంది. ఇంజను వేడెక్కి ఆయిలు పలచబడిన కొద్దీ ఇది పెరుగుతుంది, రేసు ఇస్తే ఎక్కువవుతుంది. చల్లగా ఉన్నప్పుడు వినబడి, వేడెక్కాక తగ్గిపోయే బోలు చప్పుడైతే పిస్టను సిలిండరు గోడకు తగులుతున్నదని అర్థం.

పెట్రోలు బండి నిండు బరువుతో టాప్ గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్లు వినబడేదే అసలు నాకింగు. సిలిండరులో పెట్రోలు ఆవిరి క్రమంగా మండక ఒక్కసారిగా పేలడం దీనికి కారణం. కాలు ఎత్తగానే ఇది ఆగిపోతుంది. పేరుకున్న మసి, ఇంజను అతిగా వేడెక్కడం, నాసిరకం పెట్రోలు దీనికి మూలాలు. చెరకు పండించే ఈ ప్రాంతంలో ఎథనాల్ కలిపినందువల్లే నాకింగు వస్తుందనేవారున్నారు. నిజానికి ఎథనాల్ ఆక్టేను విలువ పెట్రోలుకంటె ఎక్కువ, అది నాకింగును తగ్గిస్తుందే గాని పెంచదు. ఇక డీజిల్ బండికి కొంత టకటక సహజం.

పరీక్షలకు వరుస ఉంది

మొదట చేయవలసింది పైసా ఖర్చు లేనిది. బండిని చదునైన నేలమీద నిలిపి, ఇంజను ఆపి, కాసేపాగి ఆయిలు పుల్ల తీసి చూడాలి. మట్టం తక్కువగా ఉంటే అదే రకం ఆయిలు పోయాలి. ఆయిలు నల్లగా జిడ్డుకట్టి ఉంటే ఫిల్టరుతో సహా మార్చి, అప్పుడు మళ్లీ చప్పుడు వినాలి.

రెండవది, ఆల్టర్నేటరును, నీటి పంపును తిప్పే బయటి బెల్టును తీసి, కొద్ది సెకండ్లు మాత్రమే ఇంజను నడపాలి. చప్పుడు పోతే దోషం వాటి బేరింగులదే, చైనుది కాదు.

మూడవది చెవి పరీక్ష. పొడవాటి స్క్రూడ్రైవరు కొన చైను కవరుకు ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటే చప్పుడు ఎక్కడ పుడుతున్నదో స్పష్టంగా తెలుస్తుంది. తిరిగే బెల్టుకు, ఫ్యానుకు బట్టలు, చేతులు దూరంగా ఉంచాలి. ఈ కాలపు బండ్లలో కరెంటు ఫ్యాను దానంతటదే తిరగడం మొదలుపెడుతుందని మరువరాదు.

నాలుగవది, ఒక్కొక్క సిలిండరును వంతుల వారీగా పని మాన్పించి చూడటం. ఒక సిలిండరు ఆపగానే దెబ్బ తగ్గితే ఆ సిలిండరు రాడ్డు బేరింగే దోషి. చైను చప్పుడు అలా తగ్గదు. పాత బండ్లలో ప్లగ్గు వైరు తీసి ఇలా చూసేవారు. కొత్త బండ్లలో దీనిని తెలిసిన మెకానిక్కు చేతనే చేయించాలి.

ఆఖరున గేజి పెట్టి ఆయిలు ఒత్తిడి కొలవాలి, స్కానరు పెట్టించాలి. స్కానరులో పి 0016 అనే నెంబరు వస్తే క్రాంకు, క్యాముల లెక్క పొసగడం లేదని అర్థం. గరగరకు ఇది తోడైతే చైను మీద అనుమానం బలపడినట్లే. అయితే సెన్సరు చెడినా, దాని వైరు తెగినా ఈ నెంబరు రావచ్చు కనుక దానిని కూడా చూడాలి.

ఎప్పుడు బండి ఆపాలి?

ఎర్ర ఆయిలు దీపం వెలిగినా, బరువైన దెబ్బ మొదలైనా అక్కడికక్కడే ఇంజను ఆపి బండిని లాగించుకు రావాలి. గరగర ఆగకుండా వస్తున్న బండిని దూరపు కిరాయికి తీసుకుపోరాదు. చైను ఒకటి రెండు పళ్లు దాటితే ఈనాటి చాలా ఇంజన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులకు కొట్టుకుంటాయి. అంతవరకు చైనుతో పోయేది, అటుపై హెడ్డు దించవలసి వస్తుంది. చైను మార్చవలసి వస్తే టెన్షనరు, గైడ్లు కూడా మార్చించడం, పళ్ల చక్రాల అరుగుదల చూపించుకోవడం మంచిది. కొత్త చైను అరిగిన పళ్లపై ఎక్కువకాలం నిలవదు.

షెడ్డుకు వెళ్లినప్పుడు "ఇంజను చప్పుడు చేస్తున్నది" అని ఊరుకోక, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, ఎత్తు ఎక్కేటప్పుడా, ఏ పక్కన అనే నాలుగు సంగతులు డ్రైవరు విడమరచి చెప్పాలి. మెకానిక్కుకు సగం పని అక్కడే తీరుతుంది. డ్రైవరుకు అనవసరపు ఖర్చు తప్పుతుంది, బండి త్వరగా రోడ్డెక్కుతుంది.