మీకు తెలుసా? మీ డాబా మీది ఆకాశం ఎవరిది?

పెళ్లి వీడియోల పుణ్యమా అని డ్రోన్ మన ఊళ్లకు కొత్త కాదు. పొలంలో మందు కొట్టే డ్రోన్‌ను గట్టు మీద నిలబడి ముచ్చటగా చూస్తాం. అదే పక్కింటి కుర్రాడి డ్రోన్ మన పెరట్లో, బట్టలారేసుకునే చోట వచ్చి నిలబడి గుయ్యిమంటే ఒళ్లు మండిపోతుంది. చెయ్యి రాయి కోసం వెతుకుతుంది. ఆ రాయి కాసేపు పక్కన పెట్టి ఈ సంగతులు చదవండి.

• ఆకాశంలో మన వాటా ఎంత అన్న ప్రశ్నకు దారి చూపినవి కోళ్లు! రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలోని నార్త్ కరోలినాలో, గ్రీన్స్‌బరో దగ్గర కాస్బీ అనే కోళ్ల రైతు ఉండేవాడు. పక్కనే ఉన్న విమానాశ్రయాన్ని సైన్యం వాడుకోవడం మొదలుపెట్టింది. బాంబర్ విమానాలు అతని స్థలం మీదుగా 83 అడుగుల ఎత్తున దిగేవి. అంటే ఇంటి కప్పుకు 67 అడుగులు, పెరట్లోని పొడవైన చెట్టుకు 18 అడుగులు మాత్రమే ఎడం. ఆ మోతకు బెదిరిన కోళ్లు ఎగిరి గోడలకు గుద్దుకుని చచ్చేవి. దాదాపు 150 కోళ్లు పోయాక అతను వ్యాపారమే మానుకున్నాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నేల ఎవరిదో దాని పైన స్వర్గం దాకా ఉన్నదంతా వారిదేనన్న పాత సూత్రానికి ఈ కాలంలో చోటు లేదని 1946లో జస్టిస్ డగ్లస్ తేల్చేశారు. లేకపోతే ప్రతి విమానం మీదా దారి పొడవునా కేసులే. కానీ అక్కడితో ఆగలేదు. నేలను అనుభవించడానికి కావలసినంత ఆకాశమైనా యజమానిదేననీ, అంత తక్కువ ఎత్తులో అన్నిసార్లు ఎగరడం అతని ఆస్తిని తీసుకోవడమేననీ అన్నారు. మరి ఆ గీత ఎన్ని అడుగుల దగ్గర? అది మాత్రం చెప్పలేదు. నేటి డ్రోన్లు ఎగిరేది సరిగ్గా ఆ చెప్పని చోటే.

• ఇంగ్లండులో ఇలాంటి కేసు వేసినాయన ఒక టీవీ సంస్థ అధిపతి. గ్రనాడా టెలివిజన్ స్థాపకుడు లార్డ్ బెర్న్‌స్టీన్ కెంట్‌లోని తన ఇంటిని ఒక కంపెనీ విమానంలోంచి ఫొటో తీసి, తెచ్చి తనకే అమ్మబోయిందని కోర్టుకెక్కారు. కెమెరాల మీద బతికే మనిషికే కెమెరా మీద కోపమొచ్చిందన్నమాట. 1977లో ఆయన ఓడిపోయారు. ఒకసారి పైనుంచి దాటిపోతూ ఫొటో తీస్తే అది చొరబాటు కాదన్నారు జడ్జి. అయితే అదే పనిగా పైన తిరుగుతూ, ఇంట్లోవాళ్లు చేసే ప్రతి పనినీ ఫొటోలు తీస్తూ వేధిస్తే మాత్రం కోర్టు ఊరుకోదని ఒక మాట చేర్చారు. పక్కింటి డ్రోన్ బాధితులకు పనికొచ్చేది ఓడిన ఆ కేసులోని ఈ మాటే.

• మన దేశంలోనూ తర్కం ఇదే. 1934 నాటి విమాన చట్టం ఏమందంటే, సముచితమైన ఎత్తులో విమానం మీ స్థలం మీదుగా ఎగిరిందన్న ఒక్క కారణంతో దావా వేయడం కుదరదు. ఆ ‘ఒక్క కారణంతో’ అన్నదే కీలకం. ఎగరడం వేరు, ఎగిరొచ్చి ఆగి చూడటం వేరు. 2025 జనవరి 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లోకి వచ్చింది.

• పక్కింటి చూపు మీద మనవాళ్లు ఎప్పుడో కోర్టుకెళ్లారు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది: పొరుగువారి ఏకాంతానికి భంగం కలిగేలా కొత్త కిటికీ పెట్టకూడదన్న ఆచారం ఒక పట్టణంలో ఉంటే, ఆ ఆచారానికి చట్టబలం ఉంటుంది. 1888లో అలహాబాద్ హైకోర్టు ముందుకు ఇలాంటి తగాదాయే వచ్చింది. కొత్తగా కట్టిన ఇంటి కిటికీల్లోంచి పక్కింట్లో ఆడవాళ్లు ఉండే భాగం కనిపిస్తోందని ఫిర్యాదు. ఆచారం ప్రకారం ఏకాంతం ఒక హక్కేనని కోర్టు ఒప్పుకుంది. డ్రోన్ అంటే గోడ లేకుండా, ఎక్కడ కావాలంటే అక్కడ తెరుచుకునే కిటికీ. 140 ఏళ్ల కిందటి ఆ ఉదాహరణను ఏ లాయరైనా దుమ్ము దులిపి పైకి తీస్తే బాగుండునని నాకు అనిపిస్తుంది.

• వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పిచ్చింది 2017 ఆగస్టు 24న. మన డ్రోన్ నిబంధనలు వచ్చింది 2021 ఆగస్టు 25న. విచిత్రమేమిటంటే, అదే ఏడాది మార్చిలో తెచ్చిన నిబంధనల్లో ఫొటో తీసేటప్పుడు వ్యక్తుల, ఆస్తుల గోప్యతను కాపాడాలన్న షరతు ఉండేది. ఆగస్టులో నిబంధనల్ని సులభతరం చేసినప్పుడు అదీ ఎగిరిపోయింది. వ్యాపారానికి అడ్డు తొలగించడం మంచిదే కానీ, ఆ ఒక్క వాక్యం ఎవరికి అడ్డొచ్చిందో అర్థం కాదు.

• బరువును బట్టి డ్రోన్లు ఐదు రకాలు: 250 గ్రాముల దాకా నానో, 2 కిలోల దాకా మైక్రో, 25 కిలోల దాకా స్మాల్, 150 కిలోల దాకా మీడియం, ఆపైన లార్జ్. నానోకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. వ్యాపారం కోసం కాకపోతే మైక్రోకూ అక్కర్లేదు. బజారులో 249 గ్రాముల డ్రోన్లు ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసిందిగా! చాలా దేశాల్లో గీత 250 గ్రాముల దగ్గరే గీశారు. అందుకని కంపెనీలు ఒక గ్రాము కిందే ఆగాయి.

• డ్రోన్ల కోసం గీసిన జోన్లలో మీ ఇల్లు ఎందులో ఉందో ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైటులోని మ్యాపులో చూసుకోవచ్చు. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా అనుమతి అడగనక్కర్లేదు. పనిచేస్తున్న విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఆ హద్దు 200 అడుగులే. రెడ్ జోన్‌లో అయితే కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. నిబంధన తప్పితే లక్ష రూపాయల దాకా జరిమానా. మీ ఇల్లు రెడ్ జోన్‌లో ఉంటే మీ పని సగం తేలికైనట్టే. గోప్యత గొడవ ఎత్తకుండానే పక్కింటాయన్ని ఆపొచ్చు.

• డ్రోన్ తగాదాల్లో మన నాయకులూ ఉన్నారు. 2019 ఆగస్టులో కృష్ణకు వరదలొచ్చినప్పుడు ఉండవల్లి కరకట్ట మీద అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడు ఇంటిపై డ్రోన్ ఎగిరిందని తెలుగుదేశం ఆందోళనకు దిగింది. వరద దృశ్యాల కోసమే తీశామంది ప్రభుత్వం. 2020 మార్చిలో జన్వాడలోని ఒక ఫామ్‌హౌస్‌ను అనుమతి లేకుండా డ్రోన్‌తో చిత్రీకరించారన్న కేసులో అప్పటి మల్కాజిగిరి ఎంపీ రేవంత్ రెడ్డి అరెస్టయి, అదే నెలలో బెయిలు మీద వచ్చారు. 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. తర్వాత హైకోర్టు ఆ కేసును కొట్టేసింది. ఇక 2025 జనవరిలో మంగళగిరిలో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ క్యాంపు కార్యాలయం మీద ఎగిరిన డ్రోన్ సంగతి పోలీసులు తవ్వితే, అది ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్‌దేనని తేలింది! కాబట్టి తలమీద కనబడ్డ ప్రతి డ్రోనూ పక్కింటివాడిదే అనుకోకండి. 2020లో మొదలైన స్వామిత్వ పథకం కింద పల్లెల్లో ఇళ్ల స్థలాలను కొలిచిందీ డ్రోన్లే.

• అది మిమ్మల్ని ఎంత చూడగలదు? మామూలు చిన్న డ్రోన్ కెమెరా 100 అడుగుల ఎత్తునుంచి సూటిగా కిందికి చూస్తే దాదాపు 45 మీటర్ల వెడల్పు నేల పడుతుంది. 4కే వీడియోలో అడ్డంగా ఉండేవి 3,840 చుక్కలు. లెక్క వేస్తే మనిషి ముఖం పన్నెండు పదమూడు చుక్కల్లో తేలిపోతుంది. మనిషున్నట్టు తెలుస్తుంది కానీ ఎవరో పోల్చుకోలేం. అదే ఏడు రెట్లు జూమ్ చేసే లెన్సుంటే ముఖానికి దాదాపు 90 చుక్కలు వస్తాయి, ఎవరో తెలిసిపోతుంది. అందుకని ఎత్తు ఒక్కటే అడిగితే చాలదు, కెమెరా ఏమిటో కూడా అడగాలి.

• పైనుంచి తొంగిచూసే ముచ్చట పాతదే. 1908లో జర్మనీలో నాయ్‌బ్రోనర్ అనే మందుల వ్యాపారి పావురాల ఛాతీకి చిన్న కెమెరా కట్టే పద్ధతికి పేటెంటు పొందాడు. కొన్ని ఫొటోల్లో రెక్కల కొసలు కూడా పడ్డాయి.

• డ్రోన్ రొదకు మనకు ఎక్కువ చిరాకు రావడం మన చాదస్తం కాదు. 2017లో నాసా పరిశోధకులు మనుషులకు శబ్దాలు వినిపించి చూశారు. అంతే స్థాయిలో మోగే కారు, లారీ మోత కన్నా డ్రోన్ మోతే ఎక్కువ విసిగిస్తోందని తేలింది.

• ఇక రాయి సంగతి. 2015లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో ఒకాయన తన ఇంటి మీదికొచ్చిన డ్రోన్‌ను తుపాకీతో పేల్చి పడేశాడు. స్థానిక జడ్జి కేసు కొట్టేయడంతో అతను హీరో అయిపోయాడు. కానీ అక్కడి కేంద్ర చట్టం ప్రకారం డ్రోన్ కూడా విమానమే, విమానాన్ని కూల్చడం నేరమే. కాబట్టి టెక్సస్‌లో ఉన్న మన అల్లుళ్లు, అబ్బాయిలు ఆయన్ను ఆదర్శంగా తీసుకోకండి. అక్కడ దారి వేరే ఉంది. టెక్సస్‌లో 2013 నుంచే ప్రైవేటు ఆస్తిని నిఘా ఉద్దేశంతో డ్రోన్‌తో చిత్రీకరించడాన్ని నేరంగా పేర్కొన్న చట్టం ఉంది. మన దగ్గర రాయి విసిరితే ఆస్తి ధ్వంసం కేసు మీ మీదే పడొచ్చు. కింద పడ్డ లిథియం బ్యాటరీ అంటుకుంటే అదో తంటా. జామర్లు కొనడం, వాడటం కూడా ప్రైవేటు వ్యక్తులకు చట్టవిరుద్ధం.

• రాయి బదులు గద్ద! నెదర్లాండ్స్ పోలీసులు 2016లో డ్రోన్లను పట్టడానికి గద్దలకు శిక్షణ ఇప్పించారు. ఖర్చెక్కువ, పైగా అవి చెప్పినట్టు వినవని మరుసటి ఏడాదే మానేశారు. ఆ తర్వాత మొయినాబాద్‌లో మన తెలంగాణ పోలీసులు అదే పనికి గరుడ దళాన్ని తయారుచేశారు. కాకపోతే అది ప్రముఖుల భద్రత కోసం. మన పెరటికి పంపరు.

• చట్టంలో ఏ సెక్షన్లు పనికొస్తాయి? స్నానం, బట్టలు మార్చుకోవడం వంటి వేళ స్త్రీని చాటుగా చూసినా చిత్రీకరించినా భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటిసారికి ఏడాది నుంచి మూడేళ్ల జైలు, మళ్లీ చేస్తే మూడు నుంచి ఏడేళ్లు. స్త్రీని అవమానించే ఉద్దేశంతో ఆమె ఏకాంతంలోకి చొరబడితే 79వ సెక్షన్. ఎవరి మర్మాంగాల చిత్రమైనా అనుమతి లేకుండా తీస్తే ఐటీ చట్టం 66ఈ సెక్షన్, అది ఆడామగా అందరికీ వర్తిస్తుంది. కానీ మావయ్యగారు డాబా మీద లుంగీతో కూర్చుని పేపరు చదువుకుంటుంటే రోజూ తీస్తున్నారనుకోండి, దానికి సూటిగా సరిపోయే క్రిమినల్ సెక్షన్ దొరకడం కష్టం. అప్పుడు సివిల్ కోర్టులో న్యూసెన్స్ కింద నిషేధ ఉత్తర్వు కోరడమే దారి. ఇది చట్టంలోని లోటే, మన తెలివితక్కువ కాదు.

• చిన్న డ్రోన్ బ్యాటరీ సుమారు అరగంటే. సిగ్నల్ తెగినా, ఛార్జింగు తగ్గినా చాలావరకు అది లేచిన చోటికే తిరిగి వెళ్లిపోతుంది. కాబట్టి దాన్ని తిట్టడం మాని, ఎటు వెళ్లి ఏ మేడ మీద దిగుతుందో మీ ఫోన్లో వీడియో తీయండి. అదే అసలైన సాక్ష్యం. అమెరికాలో అయితే 2024 మార్చి నుంచి రిమోట్ ఐడీ నిబంధన గట్టిగా అమలవుతోంది. రిజిస్టరు చేయాల్సిన డ్రోన్లు ఎగురుతున్నంతసేపూ తామెక్కడున్నాయో, నడిపేవాడి రిమోట్ ఎక్కడుందో లేదా తామెక్కడ లేచాయో ప్రసారం చేస్తూనే ఉండాలి.

• ఆ వీడియోను ముందే ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు, చూసేవాళ్లు ఇంకా పెరుగుతారు. 2003లో గాయని బార్‌బ్రా స్ట్రైసాండ్ తన మాలిబు ఇంటి ఫొటోను వెబ్‌సైటులోంచి తీసేయాలని 5 కోట్ల డాలర్లకు దావా వేశారు. అప్పటికి ఆ ఫొటోను డౌన్‌లోడ్ చేసింది ఆరుసార్లే, అందులో రెండు ఆమె లాయర్లవే! దావా వార్తయ్యాక ఒక్క నెలలో నాలుగు లక్షల మందికి పైగా ఆ సైటు చూశారు. కేసు ఓడి, ఎదుటివాళ్ల లాయరు ఖర్చులు కూడా ఆవిడే కట్టారు.

• మొదట పక్కింటి తలుపు తట్టండి. కుర్రాడికి డ్రోన్ కొత్తయి, మీ పెరడు తన ఫోన్ తెరలో పడుతోందన్న ధ్యాసే లేకపోవచ్చు. “బాబూ, మా వైపు తిప్పకు” అంటే చాలావరకు అక్కడితో తెగిపోతుంది. తెగకపోతే అపార్ట్‌మెంట్ అసోసియేషన్, అదీ కాకపోతే 112 లేదా పోలీస్ స్టేషన్. డ్రోన్‌కు యూఐఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరుందా అని ఆరా తీయమని పోలీసుల్ని అడగండి. ఫిర్యాదులో “మా ఇంటి మీద డ్రోన్ ఎగిరింది” అని మాత్రం రాయకండి, ఎగరడం నేరం కాదంటారు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎంత ఎత్తున, ఎంతసేపు ఆగింది, కెమెరా ఏ కిటికీ వైపు తిరిగింది, తిరిగి ఎవరింటి మీద దిగింది అన్నవన్నీ రాసి, వీడియో జతచేసి, రసీదు తీసుకోండి.