నేతి పాప్‌కార్న్... చెంచా కొలిచి!

సంక్రాంతి దాటాక గుంటూరు నుంచి తెనాలి వెళ్లే రైలెక్కి ఓసారి కిటికీలోంచి చూడండి. సంగం జాగర్లమూడి చుట్టుపక్కల వరి కోసిన మాగాణుల్లో మొక్కజొన్న పచ్చగా నిలబడి ఉంటుంది. ఒకప్పుడు ఈ పొలాల్లో వరి తర్వాత మినుమే వేసేవారు. పల్లాకు తెగులుతో విసిగిపోయిన రైతులు, దుక్కి దున్నకుండానే వరి మోళ్ల మధ్య మొక్కజొన్న గింజ నాటడం మొదలుపెట్టారు. ఇక నెయ్యికి కొదవేముంది? పక్కనే వడ్లమూడిలో సంగం డెయిరీ. ఇళ్లలోనూ గేదెపాల మీగడ చిలికి కాచిన నెయ్యి. రెండూ చేతికందే దూరంలో ఉన్నాయి కదా, సాయంత్రం పిల్లలకు నేతితో పాప్‌కార్న్ చేసిపెడితే సరిపోతుందని మీకు అనిపించవచ్చు.

చిక్కేమిటంటే, చేలో కనిపించే ఆ మొక్కజొన్న సరిగా పేలదు. అది కోళ్ల దాణాకు, స్టార్చ్ ఫ్యాక్టరీలకు వెళ్లే రకం. గింజ పెద్దది, లోపల మెత్తటి పిండి ఎక్కువ. వేయిస్తే మాడుతుంది, లేదంటే కాస్త చిట్లి ఊరుకుంటుంది. పాప్‌కార్న్ గింజ జాతే వేరు. చిన్నగా, గట్టిగా ఉంటుంది. లోపల నూటికి 14 పాళ్ల దాకా తేమ దాగి ఉంటుంది. వేడి 180 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి ఆ తేమ ఆవిరై, బయటి గాలి కంటే సుమారు 9 రెట్ల ఒత్తిడితో పొట్టును లోపలి నుంచి తోస్తుంది. పొట్టు పగిలిన క్షణంలోనే పిండి నురగలా పొంగి గట్టిపడుతుంది. అదే మనం తినే తెల్లటి పువ్వు.

కాబట్టి కిరాణా కొట్లో ‘పాప్‌కార్న్ గింజలు’ అని అడిగి కొనండి. వ్యవసాయం ఉన్న ఇళ్లవారు మరో సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నాటగా సంచిలో మిగిలిన విత్తనాలను వంటింట్లోకి రానివ్వకండి. వాటికి తెగుళ్ల మందు, పురుగుల మందు పట్టించి ఉంటారు. ఆ గులాబీ, ఎరుపు రంగులు వేసేది అవి తినకూడనివని తెలియడానికే. కడిగితే పోతుందిలే అనుకోవద్దు.

ఇసుక చేసే పని నెయ్యి చేస్తుంది

పేలాలు మనకు కొత్తేం కాదు. తొలి ఏకాదశికి జొన్న పేలాలు దంచి, బెల్లం, యాలకులు, నెయ్యి కలిపి పేలపిండి చేసుకునే అలవాటు చాలా ఇళ్లలో ఇంకా ఉంది. ఆ పేలాలను మంగలంలో వేడి ఇసుక పోసి వేయించేవారు. ఇసుక గింజను అన్ని వైపుల నుంచీ ఒకేలా వేడెక్కిస్తుంది. పాప్‌కార్న్‌లో నెయ్యి చేసేదీ ఇదే. రుచి దానితోపాటు వచ్చే లాభం.

మరి వెన్న ఎందుకు వద్దు? వెన్నలో దాదాపు ఆరో వంతు నీరు, కొంత పాల పదార్థం ఉంటాయి. గింజ పేలేలోపే ఆ పాల పదార్థం మాడి చేదెక్కుతుంది. నెయ్యి కాచినప్పుడు ఇవి రెండూ పోతాయి కనుక 230 డిగ్రీలు దాటేదాకా అది పొగరాదు. ఇంట్లో కాచిన నెయ్యయితే అడుగున నిలిచే గసి రాకుండా పైతేట మాత్రమే తీసుకోండి. గసి పడితే మళ్లీ వెన్న కథే.

అయితే నెయ్యి మంచిదన్న మాట ఈమధ్య మరీ ఎక్కువగా వినిపిస్తోంది. ‘ఎంత తిన్నా ఏం కాదు’ అనేదాకా వెళ్లింది. అది సరికాదు. ఒక చెంచా నెయ్యి, అంటే 5 గ్రాములు, 45 కిలోక్యాలరీలు ఇస్తుంది. అందులో సుమారు 3 గ్రాములు సంతృప్త కొవ్వే. రోజుకు 2000 కిలోక్యాలరీలు తినే వ్యక్తికి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సంతృప్త కొవ్వు 22 గ్రాములు మించకూడదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో అదే 2000 కిలోక్యాలరీల పళ్లేనికి నూనె, నెయ్యి లాంటివన్నీ కలిపి 27 గ్రాములే ఇచ్చారు. మధ్యాహ్నం ముద్దపప్పులో వేసుకున్నదీ ఈ లెక్కలోకే వస్తుంది. గుండెకు స్టెంట్ వేయించుకున్నవారు, చెడు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారు నెయ్యి బదులు రిఫైన్డ్ వేరుశనగ నూనె ఒక చెంచాతో చేసుకోవడం మేలు.

పాప్‌కార్న్ మాత్రం నిజంగా మంచి చిరుతిండే. పొట్టుతో సహా తినే ముడిధాన్యం. నూనె లేకుండా పేల్చిన 3 కప్పుల్లో 95 కిలోక్యాలరీలు, మూడున్నర గ్రాముల పీచు ఉంటాయి. మధుమేహం ఉన్నవారు 2 కప్పుల దగ్గర ఆగాలి. అందులోనూ 12 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. ఇన్‌స్టంట్ ప్యాకెట్లు కొనేవారు ముందు వెనకవైపు లేబుల్ చదవండి. ముందువైపు వెన్న బొమ్మ ఉన్నా, వెనక పామాయిల్ కనిపించడం మామూలే.

ఇలా చేయండి

ముగ్గురికి 3 టేబుల్ స్పూన్ల గింజలు, 2 చిన్న చెంచాల నెయ్యి చాలు. అడుగు మందంగా ఉన్న లోతైన గిన్నెలో నెయ్యి, మూడే మూడు గింజలు వేసి మధ్యస్థ మంట మీద పెట్టి మూత వేయండి. ఆ మూడూ పేలాయంటే నెయ్యి సరైన వేడికి వచ్చినట్టే. స్టవ్ కట్టేసి మిగతా గింజలన్నీ వేసి కలిపి అర నిమిషం ఆగండి. గింజలన్నీ ఒకేలా వేడెక్కడానికే ఈ ఆగడం. మళ్లీ మంట పెట్టి, మూత రవ్వంత ఓరగా ఉంచి గిన్నెను కదుపుతుండండి. ఆవిరి పోయే దారి లేకపోతే పువ్వు సాగుతుంది. చిటపటల మధ్య రెండు మూడు సెకన్ల ఎడం రాగానే దించేయాలి. చివరి నాలుగు గింజల కోసం చూస్తే అడుగున ఉన్నవి మాడతాయి. కుక్కర్‌లో చేసేవారు మూత బిగించవద్దు. పొట్టు ఆవిరి గొట్టానికి అడ్డుపడవచ్చు.

ఉప్పును మిక్సీలో మెత్తగా పొడి చేసి చల్లితే సగమే పడుతుంది. చిటికెడు పసుపు (దుగ్గిరాల యార్డు పక్కనే పెట్టుకుని పసుపు లేకుండా ఎలా?), మిరియాల పొడి, లేదా కరివేపాకు పొడి వేడి మీదే కలపండి. గింజలు సరిగా పేలకపోతే తేమ ఆరిపోయిందని అర్థం. సీసాలో గింజలకు ఒక చెంచా నీళ్లు చల్లి, మూత బిగించి కుదిపి, రెండు మూడు రోజులు ఉంచి మళ్లీ చూడండి.

నాలుగేళ్లలోపు పిల్లలకు మాత్రం పెట్టకండి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా ఇదే చెబుతోంది. నమిలే దంతాలు ఇంకా కుదురుకోని వయసది. పరిగెడుతూనో నవ్వుతూనో తింటే ముక్క ఊపిరి గొట్టంలోకి జారుతుంది. అప్పుడు ఒక్కసారిగా దగ్గు తెర వస్తుంది, ఆనక తగ్గిపోయినట్టే ఉంటుంది. ఇంట్లో అందరూ మర్చిపోతారు. తర్వాత రోజుల తరబడి దగ్గు, పిల్లికూతలు, జ్వరం వస్తూ పోతూ ఉంటాయి. గింజ ముక్కలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించవు. మందులు వాడినా దగ్గు తగ్గదు, బ్రాంకోస్కోపీతో ముక్కను బయటికి తీయాల్సిందే. వేరుశనగ గింజలతోనూ ఇదే ప్రమాదం. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు, ‘ఆ రోజు పాప్‌కార్న్ తింటూ గట్టిగా దగ్గాడు’ అన్న సంగతి ఆయన అడగకపోయినా మీరే ముందు చెప్పండి.